కోయకముందే తెలియునా? - థైరాయిడ్ కాన్సరును గుర్తించు జన్యుపరీక్షలు

కృష్ణవేణి సముద్రమున గలియు హంసలదీవిని గూర్చి దివిసీమలో ఒక కథ వాడుకలో నున్నది. లోకుల పాపములను కడిగి కడిగి గంగ నల్లబారి, కాకి రూపము దాల్చి, తీర్థములన్నియు తిరిగినదట. కడపట ఈ సాగరసంగమమున మునుగగా ఆ కాకి తెల్లని హంసయైనదట. ఆ కారణముననే ఈ యూరికి హంసలదీవి యను పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. కథను కథగానే యుంచుదము. కాని, పైకి నల్లగా గన్పించునదెల్ల కాకి కాదనియు, పరీక్షకు నిలిచినగాని నిజస్వరూపము తెలియదనియు అందులో ఒక మాట యున్నది. ఈనాడు నేను ముచ్చటింపదలచిన వైద్య విషయమునకు ఆ మాట చక్కగా సరిపోవును.

కోడూరు ప్రాంతమున నలువదియేండ్ల గృహిణి యొకతె యున్నదనుకొందము. ఒకనాడు అద్దమున చూచుకొనుచుండగా మెడ ముందుభాగమున ఉసిరికాయంత గడ్డ కనబడినది. గుటక వేసినప్పుడెల్ల అది పైకి క్రిందికి కదలుచున్నది. నొప్పి లేదు. అవనిగడ్డలో డాక్టరుగారు చూచి మచిలీపట్టణమునకో, విజయవాడకో పంపినారు. అచట స్కానింగు చేసిరి, సూదితో గడ్డనుండి కణములను తీసి పరీక్షించిరి. వచ్చిన సమాధానము: "ఇది కాన్సరని చెప్పలేము, కాదనియు చెప్పలేము." సగము గ్రంథిని కోసి తీసి చూచినగాని తేలదని శస్త్రవైద్యులు చెప్పిరి. అప్పుడామె అడిగినది: "డాక్టరుగారూ, కోయకముందే తెలిసే దారి లేదాండీ?"

ఈ ప్రశ్న ఆమె యొక్కతెది కాదు. గత ముప్పది, నలువది సంవత్సరములుగా ప్రపంచమందలి వైద్యశాస్త్రజ్ఞులను వేధించిన ప్రశ్న యిదియే. దీనికి సమాధానముగా వచ్చినవే అణుస్థాయి సూచికలు, అనగా కణములోని జన్యువులను చదివి గడ్డ స్వభావమును చెప్పు పరీక్షలు. అవి ఏమి చెప్పగలవు, ఏమి చెప్పజాలవు అనునది తెలిసికొనుట ఈ ప్రసంగపు ఉద్దేశము.

మొదట గ్రంథిని గూర్చి నాలుగు మాటలు. థైరాయిడ్ గ్రంథి మెడలో శ్వాసనాళమునకు ముందు సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్లుండును. దాని తూకము రెండు తులములకు మించదు. మనము తిను ఆహారములోని అయొడిన్‌ను గ్రహించి థైరాక్సిన్ అను రసమును తయారుచేసి రక్తమున వదలుట దాని పని. దేహపు వేడిమి, గుండె వేగము, బిడ్డల ఎదుగుదల, బుద్ధి వికాసము, ఇవన్నియు ఆ రసముపై ఆధారపడి యున్నవి.

ఈ గ్రంథి సంగతి వచ్చినప్పుడు తెలుగువారు స్మరింపదగిన పేరు డాక్టరు వులిమిరి రామలింగస్వామిగారిది. శ్రీకాకుళమున 1921లో జన్మించి, విశాఖపట్టణమందలి ఆంధ్ర వైద్యకళాశాలలో చదివి, వ్యాధినిదాన శాస్త్రమున ప్రసిద్ధికెక్కినవారు వీరు. హిమాలయపు దిగువనున్న కాంగ్రా లోయలో ఊరూర కనబడు గళగండమునకు కారణము అయొడిన్ కొరతయని నిరూపించుటకు వీరును, వీరి సహచరులును 1956లో ఒక పరిశోధన మొదలిడిరి. లోయను మూడు భాగములు చేసి, రెండింటికి అయొడిన్ కలిపిన ఉప్పును, ఒకదానికి మామూలు ఉప్పును పంపిరి. కొన్ని సంవత్సరములకు అయొడిన్ ఉప్పు తిన్న రెండు భాగములందును గళగండము గణనీయముగా తగ్గినది. మూడవ భాగమున తగ్గలేదు. 1962లో మన దేశమున మొదలైన గళగండ నివారణ కార్యక్రమమునకు ఈ పరిశోధన బలమిచ్చినది.

సముద్రతీరమున నుండు మనకు ఈ బాధ లేదని కొందరు తలంతురు. ఉప్పుమళ్లలో ఎండిన కల్లుప్పులో అయొడిన్ మిక్కిలి స్వల్పము. కలిపిన ఉప్పు వాడినప్పుడే ప్రయోజనము. అంతేకాక, అయొడిన్ చాలినంత తిన్నవారికి గూడ ఈ గ్రంథిలో గడ్డలు లేచుచుండును. స్త్రీలలో ఇవి మరింత తరచు. వీనిలో కాన్సరు గడ్డలు నూటికి అయిదు మొదలు పదిహేను వరకు మాత్రమే. మిగిలినవన్నియు ప్రాణమునకు ముప్పు లేని గడ్డలు. కావున మెడలో గడ్డ కనబడినదని గుండె చెదరనక్కరలేదు. అశ్రద్ధ చేయనును కూడదు.

గడ్డను పరీక్షించు క్రమము ఇప్పుడు స్థిరపడినది. మొదట రక్తపరీక్ష చేసి గ్రంథి పని ఎట్లున్నదో చూతురు. తరువాత అల్ట్రాసౌండ్ స్కానింగు. అంచులు గజిబిజిగా నున్నవా, లోపల ఇసుకరేణువులవంటి సున్నపు చుక్కలున్నవా, గడ్డ వెడల్పుకన్న ఎత్తు హెచ్చుగా నున్నదా అని అందులో పరిశీలింతురు. అనుమానము కలిగినచో సన్నని సూదిని గడ్డలో గ్రుచ్చి కొన్ని కణములను తీసి, గాజుపలకపై రుద్ది, రంగువేసి, సూక్ష్మదర్శినిలో చూతురు. ఇంజక్షను వేయించుకొన్నంత బాధయే గాని అంతకు మించి లేదు.

ఈ సూది పరీక్ష ఫలితములను ప్రపంచమంతటను ఒకే భాషలో చెప్పుటకు 2007లో అమెరికాలోని బెథెస్డా నగరమున నిపుణులు సమావేశమైరి. వారు ఏర్పరచిన పద్ధతిలో ఆరు తరగతులున్నవి. మొదటిది, కణములు చాలలేదనుట. రెండవది, అపాయము లేని గడ్డ. ఆరవది, కాన్సరు. అయిదవది, కాన్సరని బలమైన అనుమానము. ఈ నాలుగింటిలో ఏది వచ్చినను వైద్యునకు దారి కనబడును. చిక్కంతయు మూడు, నాలుగు తరగతులతోనే. మూడవది, కణములు కొంత వింతగా నున్నవి గాని అర్థము తేలలేదనుట. నాలుగవది, గ్రంథిలోని చిన్న తిత్తుల నుండి పెరిగిన కొత్త పెరుగుదలయే గాని, మంచిదో చెడ్డదో తెలియదనుట.

అంత గొప్ప సూక్ష్మదర్శిని క్రింద పెట్టి చూచియు ఎందులకు తెలియదు? ఈ ప్రశ్నకు దివిసీమవారికి సమాధానము చెప్పుట సులభము. వరదకాలమున కృష్ణ నీటిని ఒక చెంబుతో ముంచి తెచ్చి, "ఈ నీటిని చూచి కరకట్ట తెగినదో లేదో చెప్పుము" అన్నచో ఎవరు చెప్పగలరు? కట్టలోపలి నీరును, కట్ట దాటిన నీరును ఒక్కతీరుగానే యుండును. కట్ట దగ్గరకు పోయి చూచినగాని గండి పడినదో లేదో తెలియదు. ఈ గడ్డలకును చుట్టు ఒక సన్నని పొర, కట్టవంటిది, ఉండును. కణములు ఆ పొరను చీల్చుకొని వెలుపలికి వచ్చినను, రక్తనాళములలో చొరబడినను అది కాన్సరు. చొరబడనిచో కాదు. సూది చెంబెడు కణములనే తెచ్చును గాని కట్టను తేజాలదు. అందువలననే సగము గ్రంథిని కోసి, పొరనంతటిని పరీక్షించి నిర్ణయించుట ఆచారమైనది.

కోసి చూచినచో నష్టమేమి యని అడుగవచ్చును. థైరాయిడ్ శస్త్రచికిత్సను నిరపాయముగా చేయుట లోకమునకు నేర్పి 1909లో నోబెల్ బహుమానము పొందిన స్విట్జర్లండు వైద్యుడు థియొడోర్ కోకరే దీనికి సాక్షి. గ్రంథిని పూర్తిగా తీసివేసిన తన రోగులు కొందరు క్రమముగా మందమతులై, దేహము ఉబ్బి, చురుకుదనము కోల్పోయినట్లు ఆయన గమనించి 1883లో లోకమునకు వెల్లడించెను. నేడు థైరాక్సిన్ మాత్రలుండుటచే ఆ దుర్దశ రాదు. కాని ప్రతి ఉదయమును, జీవితాంతమును మాత్ర మింగవలసి వచ్చును. సగము గ్రంథి తీసినవారిలో గూడ కొందరికి ఈ అవసరము కలుగును. గ్రంథిని ఆనుకొని స్వరమును నడపు నరములు పోవుచున్నవి; వానికి దెబ్బ తగిలినచో గొంతు బొంగురుపోవును. వెనుక భాగమున రక్తములోని కాల్షియమును కాపాడు చిన్న గ్రంథులు నాలుగుండును. మొత్తము థైరాయిడ్‌ను తీయునప్పుడు అవి దెబ్బతినినచో చేతివ్రేళ్లు కొంకర్లు పోవును. నేర్పరి చేతిలో ఇవి అరుదు. అయినను, అపాయము లేని గడ్డ కొరకు ఈ ముప్పును, ఖర్చును, కూలి దినముల నష్టమును భరించుట ఎవరికి ఇష్టము? మరియొకవైపు, సగము తీసిన తరువాత పెద్ద కాన్సరని తేలినచో మిగిలిన సగము తీయుటకు రెండవమారు బల్లమీద పండుకొనవలసి వచ్చును.

ఇక జన్యువుల మాట. ప్రతి కణములోను దాని నడవడిని శాసించు జన్యువులుండును. వానిని నాలుగే అక్షరములతో వ్రాసిన పెద్ద గ్రంథముగా తలంపవచ్చును. ఒక్క అక్షరము తప్పుపడినను ఒక్కొక్కమారు అర్థము మారిపోవును. కణమునకు "పెరుగుము, ఇక ఆగుము" అని చెప్పవలసిన వాక్యము "పెరుగుము, పెరుగుము" అని మారినచో, అదియే కాన్సరుకు బీజము.

థైరాయిడ్ కాన్సరులో మిక్కిలి సామాన్యమైనది పాపిల్లరీ రకము. బీరాఫ్ అను జన్యువులో ఇట్టి తప్పు కొన్ని కాన్సరులకు మూలమని 2002లో కనుగొనిరి. మరుసటి సంవత్సరమే పాపిల్లరీ థైరాయిడ్ కాన్సరులో గూడ అది తరచుగా నున్నట్లు తేలినది. ఆ జన్యువు నిర్మించు మాంసకృత్తులో 600వ స్థానమున వేలిన్ ఉండవలసినచోట గ్లూటామిక్ ఆమ్లము చేరును. అంతమాత్రముననే ఎదుగుదల మీట ఎల్లప్పుడును తెరచియే యుండును. ఈ గుర్తు సూదితో తీసిన కణములలో కనబడినచో ఆ గడ్డ దాదాపు తప్పక కాన్సరే. కాని కనబడనంత మాత్రమున కాన్సరు కాదని చెప్పరాదు. ఏలయన ఈ గుర్తు లేని థైరాయిడ్ కాన్సరులు అనేకము.

రాస్ అను జన్యువుల సంగతి వేరు. అందలి మార్పు కాన్సరులోను ఉండును, అపాయము లేని గడ్డలోను ఉండును. దొంగ చేతిలోను కత్తి యుండును, వంటయింటిలోను కత్తి యుండును. కత్తి కనబడినంతనే దొంగయని పట్టరాదు. రెట్ అను జన్యువు ముక్క తెగి మరియొక జన్యువుతో అతుకుకొనుట మరియొక గుర్తు. దానిని ఇటలీలోని నేపుల్స్ నగర శాస్త్రజ్ఞులు మొదట గుర్తించిరి. ఇట్లు ఒక్కొక్క గుర్తునకు ఒక్కొక్క బలము, ఒక్కొక్క బలహీనత కలవు.

అందుచే శాస్త్రజ్ఞులు అనేక జన్యువులను ఒకేమారు చూచు పరీక్షలను కల్పించిరి. అఫిర్మా అను పరీక్ష అట్టిది. అది 167 జన్యువులు కణములో ఎంత చురుకుగా పనిచేయుచున్నవో కొలుచును. 2012లో ప్రకటితమైన పరిశోధన ప్రకారము, ఆ పరీక్ష కాన్సరు గడ్డలలో నూటికి 92 పట్టుకొన్నది. కాన్సరు కాని గడ్డలలో నూటికి 52 మాత్రమే "భయము లేదు" అని విడిచినది.

ఈ సంఖ్యల అర్థమును ఒక లెక్కతో చూతము. సందేహపు గడ్డలు గల రోగులు 100 మంది యున్నారనుకొందము. వారిలో 25 మందికి నిజముగా కాన్సరు, 75 మందికి కాదు. పరీక్ష ఆ 25 మందిలో 23 మందిని పట్టుకొనును, ఇద్దరిని విడిచివేయును. మిగిలిన 75 మందిలో 39 మందికి భయము లేదని చెప్పును, 36 మందిని అనుమానించును. అనగా "భయము లేదు" అని విన్నవారు 41 మంది. వారిలో 39 మందికి ఆ మాట నిజము. నూటికి 95 వంతులు నమ్మదగిన మాట. వీరు కత్తి నుండి తప్పించుకొని, ఆరేసి నెలలకో, సంవత్సరమునకో స్కానింగు చేయించుకొనుచు ఉండవచ్చును. కాని "అనుమానము" అని విన్నవారు 59 మంది. వారిలో నిజముగా కాన్సరు గలవారు 23 మందియే. కావున ఆ పరీక్షలో "కాదు" అను మాటకే విలువ. "అవును" అను మాటకు అంత లేదు. బీరాఫ్ గుర్తు దీనికి సరిగా తలక్రిందులు.

మరియొక మెలిక గూడ కలదు. అదే పరీక్షను కాన్సరు ఎక్కువగా కనబడు ఆసుపత్రిలో, 100 మందిలో 50 మందికి కాన్సరున్నచోట, చేయుదమనుకొనుడు. అప్పుడు అది 46 మందిని పట్టుకొని నలుగురిని విడుచును. కాన్సరు లేని 50 మందిలో 26 మందిని భయము లేదని చెప్పును. "భయము లేదు" అని విన్న 30 మందిలో నలుగురికి కాన్సరున్నట్లే కదా! పరీక్ష మారలేదు, దాని మాటకు నమ్మిక మాత్రము తగ్గినది. అందువలన, అమెరికాలో సరిపడిన ఫలితము మన ఆసుపత్రిలో అట్లే సరిపడునని ఎంచరాదు. తమ ఆసుపత్రిలో మూడు, నాలుగు తరగతుల గడ్డలు నూటికి ఎన్ని కాన్సరులుగా తేలుచున్నవో లెక్క వ్రాసి యుంచుకొన్న వైద్యుడే ఈ పరీక్ష ఫలితమును సరిగా చదువగలడు.

తరువాతి సంవత్సరములలో పరీక్షలు మెరుగుపడినవి. 2018లో ప్రకటించిన కొత్త అఫిర్మా పరీక్ష కాన్సరు కాని గడ్డలలో నూటికి 68 విడిచిపెట్టినది. 112 జన్యువులను చదువు థైరోసెక్ అను పరీక్ష 2019 నాటి ఫలితములలో నూటికి 82 విడిచిపెట్టి, కాన్సరులలో నూటికి 94 పట్టుకొన్నది. పై లెక్కలోని 75 మందిలో మొదటి పరీక్ష 39 మందిని కత్తి నుండి తప్పింపగా, ఈ పరీక్ష 61 మందిని తప్పించునన్నమాట.

ఇంతవరకు చెప్పినదంతయు సందేహమును తీర్చుటను గూర్చి. పుట్టుకతో వచ్చు ఒక థైరాయిడ్ కాన్సరు విషయమున మాత్రము జన్యుపరీక్ష గడ్డ లేవకముందే మాట చెప్పగలదు. మెడుల్లరీ యను రకపు కాన్సరులో సుమారు నాలుగింట ఒకవంతు వంశపారంపర్యముగా వచ్చును. దానికి రెట్ జన్యువులోని పుట్టుతప్పు కారణమని 1993లో తేలినది. తల్లికో తండ్రికో ఆ తప్పున్నచో, పుట్టిన ప్రతి బిడ్డకును అది సంక్రమించుటకు సగము సందు కలదు. దీనికి సూది పరీక్షయు అక్కరలేదు, కొంచెము రక్తము చాలును. తప్పు సంక్రమించిన బిడ్డలకు, ఆ తప్పు తీరునుబట్టి, కాన్సరు పుట్టకముందే చిన్నతనములో గ్రంథిని తీసి ప్రాణము కాపాడవచ్చును. సంక్రమింపని బిడ్డలకు జన్మమంతయు ఉండు భయము ఒక్కనాటితో తీరును. ఇంటిలో ఒకరికి ఈ రకపు కాన్సరు వచ్చినదని తెలిసినచో తక్కినవారందరును ఈ పరీక్షను గూర్చి వైద్యుని అడుగవలెను.

అయితే గడ్డ కనబడిన ప్రతివారికిని ఈ పరీక్షలన్నియు చేయవలెనా? వలదు. దక్షిణ కొరియా దేశపు అనుభవము ఇందుకు హెచ్చరిక. అచట ఆరోగ్యవంతులకు గూడ మెడ స్కానింగులు విరివిగా చేయుటచే 1993 నుండి 2011 వరకు థైరాయిడ్ కాన్సరు నమోదు 15 రెట్లు పెరిగినది. కాని ఆ వ్యాధితో మరణించువారి సంఖ్య మారలేదు. అనగా, ఎన్నడును బాధింపని చిన్న కాన్సరులను వెదకి వెదకి కోసినట్లే. వైద్యులు గూడ తమ మాటను సవరించుకొనుచున్నారు. పొరను దాటని ఒక విధమైన గడ్డలు గల 109 మందిని 10 మొదలు 26 సంవత్సరముల వరకు గమనింపగా, అందరును వ్యాధి లేక బ్రదికియే యుండిరి. ఆ కారణమున 2016లో ఆ గడ్డ పేరు నుండి కాన్సరు అను మాటనే తొలగించిరి. కాకియని తరిమినది హంసయని తెలిసినదన్నమాట.

మన ప్రాంతమునకు వచ్చినచో, ఈ పెద్ద పరీక్షలు అమెరికాలో పుట్టినవి. అచట ఒక్కొక్కదాని ధర వేల డాలర్లలో నున్నది. అరటితోటలో కూలిచేయు తల్లికిని, వలవేసి బ్రతుకు బెస్తకుటుంబమునకును అది అందరాని పండు. అంత ఖర్చుపెట్టుటకన్న సగము గ్రంథిని తీయించుకొనుటయే చౌక యని తలచు వైద్యులు మన దేశమున గలరు. వారి తలపు నిరాధారము కాదు. బీరాఫ్ వంటి ఒక్క గుర్తును చూచు పరీక్ష మాత్రము మన పెద్ద నగరముల ప్రయోగశాలలలో చాల తక్కువ ధరకు జరుగుచున్నది. మచిలీపట్టణమున 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమైనది. స్కానింగు చేయు నేర్పరియు, కణములను చదువు నిపుణుడును ఇంటికి దగ్గరలో ఉండుట, దూరదేశపు జన్యుపరీక్షకన్న ముందు కావలసిన వసతి. మొదటి రెండు పరీక్షలు సరిగా జరిగినచో సందేహపు గడ్డల సంఖ్యయే తగ్గును.

కావున మనము మొదట తలచుకొన్న గృహిణి ప్రశ్నకు ఇట్లు సమాధానము చెప్పవచ్చును. అమ్మా, కోయకముందే తెలిసికొను మార్గము కలదు. కాని అది అందరికిని ఒకే మార్గము కాదు. మీ సూది పరీక్ష ఏ తరగతిలో వచ్చినదో అడిగి వ్రాయించుకొనుడు. మూడవ తరగతియైనచో, కొన్ని వారములు ఆగి మరల సూది పరీక్ష చేయించుటయో, అవే గాజుపలకలను మరియొక నిపుణునికి చూపించుటయో మొదటి మెట్టు. దీనికి ఖర్చు స్వల్పము. అప్పటికిని సందేహము తీరనిచో, స్కానింగులో గడ్డ ఎట్లున్నది, మీ వయసేమి, ఇంటిలో మరెవరికైన ఈ వ్యాధి కలదా, చిన్నతనమున మెడకు రేడియేషను చికిత్స జరిగినదా, ఇవన్నియు కలిపి చూచి జన్యుపరీక్ష అవసరమో కాదో వైద్యుడు చెప్పును. పరీక్షకు డబ్బు కట్టుటకు ముందు ఒక్క ప్రశ్న తప్పక అడుగుడు: "ఈ ఫలితము ఎట్లు వచ్చినను మీరు చేయునది ఒక్కటేనా?" ఒక్కటే యైనచో ఆ పరీక్ష అక్కరలేదు. గడ్డ వేగముగా పెరుగుట, గొంతు మారుట, మ్రింగుట కష్టమగుట, మెడ ప్రక్కన మరికొన్ని గడ్డలు లేచుట కనబడినచో మాత్రము ఏ సందేహమునకును తావీయక వెంటనే వైద్యుని చేరుడు.

పాలను, నీటిని వేరుచేయు గుణము హంసకు కలదని మన పెద్దలు చెప్పినారు. జన్యుపరీక్ష హంస కాదు, హంసకు ముక్కువంటిది. ముక్కెంత పదునుగా నున్నను, ఎప్పుడు ముంచవలెనో, వచ్చినది పాలో నీరో తెలియు వివేకము వైద్యునియందును, రోగియందును ఉండవలెను. ఆ వివేకమున్నచో, ఎందరి మెడలో అనవసరపు కోత పడకుండునో, ఎందరి కాన్సరు సకాలమున తెలియునో చెప్పనక్కరలేదు.